ఇరుకులో అక్షరం

*దుకాణం బోర్డు మీద, తువాలు అంచు మీద, బీడీ కట్ట మీద, పెళ్లి కార్డు మీద... సోలాపూర్ పద్మశాలీల వాడల్లో తెలుగు అక్షరం ఎందుకు సన్నబడింది, ఎందుకు లావెక్కింది, ఎందుకు పక్కకు వాలింది?*

“తాతా, ఇగ నువ్వే చెప్పు. ‘లక్ష్మీ’ కింద ఒత్తులు బోర్డు దాటి పోతున్నయి.”

సోలాపూర్ తూర్పు భాగంలో, అశోక్ చౌక్ దాటాక ఒక ఫ్లెక్సు షాపు. కంప్యూటర్ ముందున్న కుర్రాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న పెద్దాయన తన తువాళ్ల దుకాణం పేరు చీటీ మీద తెలుగులో రాసి తెచ్చుకున్నాడు. బోర్డు 8 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు. పైన మరాఠీ, పెద్దగా. దాని కింద బయటి ఊళ్ల బేరగాళ్ల కోసం ఇంగ్లిషు. ఒక చివర లక్ష్మీదేవి బొమ్మ, ఇంకో చివర ఫోన్ నంబరు. మిగిలింది నాలుగంగుళాల పట్టీ. తెలుగు అందులో ఇమడాలి.

కుర్రాడు పేరును మౌస్‌తో పట్టుకుని పక్కల నుంచి నొక్కాడు. అక్షరాలు సన్నబడ్డాయి. కనబడటం లేదని బోల్డ్ చేశాడు. లోపలి సున్నాలన్నీ పూడుకుపోయాయి. చివరికి ఇటాలిక్ కూడా నొక్కాడు.

“గిదేంది బిడ్డా, పడిపోతున్నట్టున్నది?”

“స్టైల్ తాతా. స్పీడ్ కనబడుతది.”

“తువాల్లమ్మెటోనికి స్పీడెందుకురా?”

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కానీ, ఆ కుర్రాడు నొక్కిన మూడు బటన్ల వెనక ఐదు వందల ఏళ్ల అచ్చు చరిత్ర ఉంది. ఇంగ్లిషులో ఈ మూడు గుణాలూ ఒకే అక్షరంలో కుదిరిన ఫాంట్లు చాలా ఉన్నాయి. సన్నగా నిలువుగా సాగి, లావు గీతలతో, కుడివైపు వాలి, కాళ్ల దగ్గర చిన్న చిన్న పాదాలతో కనిపిస్తాయి. పత్రికల శీర్షికల్లో, నవలల అట్టల మీద, సబ్బుల డబ్బాల మీద రోజూ చూస్తూనే ఉంటాం. తెలుగుకు అదే వేషం వేయబోతే ఏమవుతుందో చూడాలంటే సోలాపూర్‌ కన్నా మంచి ఊరు లేదు. ఇక్కడ మూడు భాషలు ఒకే గోడను పంచుకుంటాయి. పైగా ఇక్కడి మనుషులకు అక్షరాన్ని చదవడమే కాదు, పోగుపోగుగా పేర్చి కట్టడం కూడా తెలుసు.

ఎత్తు ఒకటే, అంతస్తులు వేరు

బోర్డుల గొడవ మహారాష్ట్రలో కొన్నేళ్లుగా నలుగుతోంది. దుకాణాలు, సంస్థల మీద 2017లో వచ్చిన రాష్ట్ర చట్టాన్ని 2022లో సవరించారు. ప్రతి దుకాణం బోర్డు మీదా పేరు మరాఠీలో, దేవనాగరి లిపిలో ఉండాలి. మరాఠీ అక్షరం మిగతా భాషల అక్షరాల కన్నా చిన్నదిగా ఉండకూడదు. ముంబై వ్యాపారులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 సెప్టెంబర్ 25న కోర్టు వారికి రెండు నెలల గడువిచ్చి, కోర్టు ఖర్చులకు పెట్టే డబ్బేదో బోర్డులకు పెట్టుకోమన్న ధోరణిలో పంపేసింది.

ఉన్న ఊరి భాష ముందుండాలనడంలో తప్పు పట్టడానికేమీ లేదు. హైదరాబాద్‌లో మనం కోరుకునేదీ అదే. చిక్కు వచ్చేది లిపుల ఒళ్లు వేరు కావడం వల్ల. దేవనాగరిలో జంట హల్లులు చాలావరకు పక్కపక్కన అతుక్కుంటాయి. పైన ఒక అడ్డగీత పేరు మొత్తాన్ని ఒక తాడు మీద వేలాడదీస్తుంది. తెలుగు అలా కాదు, మేడ కడుతుంది. ‘క్ష్మీ’ చూడండి: పైన గుడి దీర్ఘం, మధ్యలో క, కింద ష ఒత్తు, దాని పక్కనో కిందనో మ ఒత్తు. నాలుగంగుళాల పట్టీ ఇస్తే అసలు అక్షరానికి దక్కేది రెండంగుళాలు. అడ్డంగా నొక్కకముందే అది చిన్నదైపోయింది. అందుకే ఒకే ఎత్తున్న రెండు పట్టీలలో మరాఠీ, తెలుగు రాసి పెడితే తెలుగు ఎప్పుడూ తమ్ముడిలానే కనిపిస్తుంది.

కుర్రాడు బోల్డ్ కొట్టింది ఆ చిన్నతనాన్ని కప్పిపుచ్చడానికే. గీత లావైతే దూరానికి కనబడుతుందని లెక్క. ఇంగ్లిషు పెద్దబడి అక్షరాల్లో, ఐ, ఎల్, టి, హెచ్ లాంటి వాటిలో, పూడుకుపోవడానికి లోపల ఖాళీయే తక్కువ. తెలుగులో ఖాళీయే అక్షరం. ‘ప’కీ ‘ష’కీ, ‘ద’కీ ‘ధ’కీ తేడా ఒక చిన్న గీతలోనో చుక్కలోనో ఉంటుంది. గీతను రెట్టింపు చేస్తే ఆ తేడా మొదట చచ్చిపోతుంది.

> పుట్టుకలు
> ఇటాలిక్: 1501లో వెనిస్ ముద్రాపకుడు ఆల్డస్ మనూటియస్ వర్జిల్ కావ్యాలను వాలు అక్షరాల్లో వేశాడు. అచ్చులు చెక్కింది ఫ్రాన్చెస్కో గ్రిఫో. నమూనా ఆనాటి చదువుకున్నవాళ్ల చేతిరాత.
> లావు, సన్నం కలిసి: 1845లో లండన్ ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీకి చెందిన రాబర్ట్ బెస్లీ ‘క్లారెండన్’ను రిజిస్టర్ చేయించాడు. నిఘంటువుల్లో మాటలు ఎత్తి చూపడానికి బాగా పనికొచ్చింది.
> సన్నం, లావు, వాలు, పాదాలు ఒకే కుటుంబంలో: 1896లో అమెరికా వాస్తుశిల్పి బెర్‌ట్రామ్ గుడ్‌హ్యూ గీసిన ‘చెల్టెన్‌హామ్’. తర్వాత మోరిస్ ఫుల్లర్ బెంటన్ దానికి లావు, సన్న, వాలు రూపాలు ఎన్నో చేర్చాడు. 2003లో న్యూయార్క్ టైమ్స్ శీర్షికల కోసం మాథ్యూ కార్టర్ దాన్ని తిరిగి గీశాడు.

ఈ మూడు అక్షరాలకూ అందం కన్నా అవసరమే ఎక్కువ కలిసొచ్చింది. వెనిస్‌లో చిన్న పుస్తకం కావాలి, జేబులో పట్టాలి. లండన్‌లో నిఘంటువు పేజీ నిండిపోయి ఉంది, మాట దొరకాలి. న్యూయార్క్‌లో పత్రిక కాలమ్ సన్నం, వార్త పెద్దది. జాగా చాలనప్పుడు పనికొచ్చిన అక్షరాలివి. తర్వాత జనం వాటికి అలవాటుపడి, ఆ ఇరుకునే హుందాతనం అనుకున్నారు.

నొక్కడంలోనూ పద్ధతి ఉంది. ఆపిల్ కంపెనీ 1984లో తన ప్రకటనల కోసం ‘గారమండ్’ ఫాంటును తీసుకుని అడ్డంగా 80 శాతానికి కుదించింది. యంత్రం నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతలు మాత్రం అలాగే ఉంటాయి. మనిషికి నడుము మాత్రమే బిగించినట్టు ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకని తర్వాత బిట్‌స్ట్రీమ్ సంస్థ కూర్చుని దాన్ని సరిదిద్దాల్సి వచ్చింది. అంత డబ్బున్న కంపెనీకే రెండో చెయ్యి పడితే గానీ కుదరలేదు. ఫ్లెక్సు షాపు కుర్రాడిని తిట్టి లాభం లేదు.

మిల్లు వెంట వచ్చినవాళ్లు

1860లో పుణె వైపు నుంచి సోలాపూర్‌కు రైలు వచ్చింది. 1877లో సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు మొదలైంది. ఊరివాళ్ల నోట అది ‘జునీ గిరిణీ’, అంటే పాత మిల్లు. దక్కన్‌ను కరువు కాల్చేస్తున్న సంవత్సరాలవి. నిజాం తెలంగాణలోని నల్లగొండ, కరీంనగర్, వరంగల్, పాలమూరు పల్లెల నుంచి పద్మశాలి కుటుంబాలు తరాల పాటు ఇటు వచ్చాయి. కొందరు మిల్లుల్లో చేరారు, కొందరు ఇంట్లోనే మగ్గం వేసుకున్నారు. నర్సింగ్‌గిర్జీ, లక్ష్మి, విష్ణు మిల్లులు లేచాయి. ఇరవయ్యో శతాబ్దం చివరికి పెద్ద మిల్లులు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. చేతిమగ్గాలు పవర్‌లూములయ్యాయి. అక్కల్‌కోట్ రోడ్డులోని ఎంఐడీసీ పారిశ్రామికవాడ షెడ్లలో నేటికీ తువాళ్లు, చాదర్లు దిగుతున్నాయి.

సాఖర్ పేఠ్, భవానీ పేఠ్, దాజీ పేఠ్, కన్నా చౌక్... ఈ పేటల్లో నడుస్తుంటే చెవికి తెలుగు, కంటికి మరాఠీ. ఇంటిపేర్లు పుల్గం, కూచన్, బుర్ల, ఆడం, చిల్కా, గడ్డం. రాత మాత్రం దేవనాగరి. శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయుడి రథం కదిలితే నేతవాడలన్నీ దాని వెంటే నడుస్తాయి. మూడు తరాల కింద తెలుగు మాధ్యమంలో చదువుకున్న ఇళ్లలో ఇవాళ పిల్లలు మరాఠీ, ఇంగ్లిషు బడులకు వెళుతున్నారు. పద్మశాలి ఇంట పుట్టి రెండు భాషల్లోనూ రాసిన కవి లక్ష్మీనారాయణ బొల్లి తన ఆత్మకథను మరాఠీలో ‘ఏకా సాళియానే’ అని రాసుకున్నారు. మన భాషలో ఎందుకు రాయలేదని అడిగే హక్కు మనకు ఎంతవరకు ఉందో నాకు తెలియదు. ఆయన పాఠకులు ఉన్న చోట ఆయన రాశారు.

కాబట్టి బోర్డు మీద తెలుగు అడిగే పెద్దాయన సమాచారం కోసం అడగటం లేదు. తెలుగు చదివి దుకాణంలోకి వచ్చేవాళ్లు ఈ వీధిలో నానాటికీ తగ్గిపోతున్నారని ఆయనకూ తెలుసు. నాలుగంగుళాలైనా సరే, ఉండాలి.

పోగుల గళ్లలో

అక్షరం ఎలా ఇరుకున పడుతుందో చూడటానికి బోర్డు కన్నా మంచి చోటు పవర్‌లూము. తువాలు చివర పట్టీలో గుడి పేరో, ఆసుపత్రి పేరో, పెళ్లివారి పేరో నేయమని ఆర్డర్లు వస్తాయి. మహారాష్ట్ర పెళ్లిళ్లలో మగపెళ్లివారికీ పెద్దలకూ టోపీ, తువాలు పెట్టి మర్యాద చేయడం ఆనవాయితీ. సోలాపూర్ తువాలుకు ఆ గిరాకీ ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

పేరు అచ్చువేయడం వేరు, నేయడం వేరు. అచ్చులో అక్షరం ఒక్క దెబ్బలో పడుతుంది. మగ్గం మీద ‘ఒక అక్షరం’ అన్న సంగతే లేదు. పేరు అడ్డంగా వస్తుంటే మొదటి పేక (అడ్డపోగు) పడినప్పుడు అన్ని అక్షరాల పాదాలూ ఒకేసారి మొదలవుతాయి. రెండో పేకకు అన్నీ ఒక మెట్టు లేస్తాయి. పది పేకలు పడ్డా ఏ పేరో తెలియదు. సగం దాటాక హఠాత్తుగా కనబడుతుంది.

ఏ పేకకు ఏ పడుగు (నిలువు) పోగు లేవాలో చెప్పేది జకార్డు. జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో ఫ్రాన్స్‌లో రూపం ఇచ్చిన ఆ పరికరంలో ఒక పేకకు ఒక అట్టముక్క, అట్టముక్కలో బెజ్జాలు. బెజ్జం ఉన్నచోట హుక్కు పోగును లేపుతుంది. ఇప్పుడు కార్డుల బదులు కంప్యూటర్ ఫైలుతో నడిచే ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చాయి. లెక్క మాత్రం పాతదే. డిజైనర్ గళ్ల కాగితం మీదో తెర మీదో గడి నింపుతాడు: నిండిన గడి పోగు పైకి, ఖాళీ గడి పోగు కిందికి.

ఇక్కడ సన్నదనం రెండు వైపుల నుంచి వచ్చి పడుతుంది. మొదటిది హుక్కుల కొరత. ఒక పేరుకు 240 హుక్కులున్నాయనుకుందాం. పన్నెండు అక్షరాల పేరైతే అక్షరానికి 20 పోగులు. మధ్య సందులు తీసేస్తే 16. పేరు పొడవైన కొద్దీ అక్షరం నిలువుగా బక్కచిక్కాల్సిందే. రెండోది గడి ఆకారం. బట్టలో అంగుళానికి 48 పడుగు పోగులు, 32 పేకలు ఉన్నాయనుకోండి. గడి చదరంగా ఉండదు, వెడల్పు కన్నా ఎత్తు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. చదరపు గళ్ల కాగితం మీద గుండ్రంగా గీసిన సున్నా బట్ట మీద నిలువు గుడ్డవుతుంది. అనుభవం లేని డిజైనర్ నేయించిన పేర్లన్నీ వద్దన్నా సన్నగా సాగిపోయి రావడానికి కారణమిదే. చేయి తిరిగినవాడు బట్ట లెక్క ముందు అడిగి, దానికి తగ్గ గళ్లలో గీస్తాడు.

లావు కూడా మగ్గం దగ్గర అడగక తప్పదు. తువాలు మీద ఉండేది ఉచ్చుల బొచ్చు. ఒక్క ఉచ్చు వెడల్పున్న గీతను పక్క ఉచ్చులు మింగేస్తాయి, మొదటి ఉతుకుతో అసలే కనబడదు. కాబట్టి గీత కనీసం మూడు నాలుగు ఉచ్చులుండాలి. అయితే ఇష్టమొచ్చినంత లావు చేయడానికీ లేదు. చదునైన పట్టీలో రంగు పోగు పైన ఎక్కువ దూరం తేలితే గోరుకో గాజుకో తగిలి లేచిపోతుంది. అందుకని లావు గీత మధ్యలో అక్కడక్కడ పోగును కిందికి కట్టేస్తారు. దగ్గరగా చూస్తే లావు అక్షరం కడుపులో సన్న చుక్కలు కనిపిస్తాయి. కాళ్ల దగ్గరి పాదాలదీ అదే కథ. ఒక పోగు మందంలో పెడితే అది పాదంలా కాక నేతలో తప్పులా కనిపిస్తుంది. పెట్టదలిస్తే మందంగా పెట్టాలి, లేదా మానేయాలి.

> తిరగేస్తే
> రెండు రంగుల జకార్డు తువాలులో ముందువైపు ఏ రంగు ఉచ్చులు పైకి వస్తాయో, వెనకవైపు సరిగ్గా దాని మారురంగు వస్తుంది. నీలం మీద తెల్లగా నేసిన పేరు వెనక తెలుపు మీద నీలంగా, అద్దంలోలా తిరగబడి ఉంటుంది. అచ్చువేసిన పేరు ఇలా వెనక నిండుగా కనబడదు. పేరు నేతలోనే ఉందో లేదో తెలుసుకోవాలంటే తువాలు తిప్పి చూస్తే చాలు.

అసలు పరీక్ష వాలు దగ్గర. ఇంగ్లిషు ఇటాలిక్ సాధారణంగా పన్నెండు డిగ్రీల ప్రాంతంలో వాలుతుంది. చదరపు గళ్ల లెక్కన ఐదు పేకలకు ఒక పోగు చొప్పున పక్కకు జరగాలి. 25 పేకల ఎత్తున్న అక్షరంలో ఐదే ఐదు మెట్లు. దూరం నుంచి వాలుగా, దగ్గర నుంచి ఇంటి మెట్లలా కనిపిస్తుంది. మెట్టు నునుపు కావాలంటే పోగులు పెరగాలి, పోగులు పెరిగితే ఖర్చు. ఈ ఊరివాళ్లకు వాలుగీత కొత్త కాదు. ట్విల్ నేతలో ప్రతి పేకకూ ఒక పోగు జరిగి వాలు దానంతటదే పడుతుంది. కానీ అది ట్విల్ కోరిన వాలు. ఫాంటు కోరిన వాలు మగ్గానికి అరువు సొమ్ము.

ఈ గళ్లలో తెలుగును పెట్టి చూడండి. మన లిపి గుండ్రదనానికి పెద్దలు చెప్పే కారణం తాటాకు: గంటంతో ఈనె వెంట గీస్తే ఆకు చీలుతుంది, అందుకని చేయి తిరిగింది, అక్షరం మెలికపడింది. ఆ మెలికలు గళ్ల మీదికి వచ్చేసరికి ప్రతి వంపూ మెట్లవరుస అవుతుంది. ఇంగ్లిషు ‘ఎల్’కు మెట్టే అక్కర్లేదు, మన ‘ల’కు చుట్టూ మెట్లే. 16 పోగుల్లో ‘ర్క’ రాయడం, రాసినా దాన్ని చదివించడం గొప్ప పనితనం. తరతరాలుగా మగ్గమే బతుకైన ఈ వాడల జనం మాట్లాడే భాషకు ఉన్న లిపి, మగ్గానికి అన్నిటికన్నా లొంగని లిపుల్లో ఒకటి. చాదర్ల మీద, తువాళ్ల మీద ఇంగ్లిషు, మరాఠీ పేర్లే ఎక్కువ కనబడటానికి బజారు ఒక కారణమైతే గళ్లు ఇంకో కారణం.

పేరే ముద్ర

సోలాపూర్ చాదర్‌కూ, సోలాపూర్ టెర్రీ టవల్‌కూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో నమోదైన తొలి పది ఉత్పత్తుల్లో ఈ రెండూ ఉన్నాయి. వాటికన్నా ముందున్నవాటిలో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. అంటే తొలి పదిలో పద్మశాలీల చేతి సరుకే ఒకటికి మించి ఉందన్నమాట. ‘మయూర్‌పంఖ్’ చాదర్ పేరు వినని మధ్యతరగతి ఇల్లు ఒకప్పుడు మహారాష్ట్రలో అరుదు.

పేరు పెరిగాక నకిలీ వచ్చింది. హర్యానాలోని పానిపట్‌లో తయారైన చవక చాదర్లు ‘సోలాపురీ’ అన్న మాట తగిలించుకుని దేశమంతా తిరుగుతున్నాయని ఇక్కడి ఉత్పత్తిదారులు చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. అలాంటప్పుడు మూలన నేసిన పేరు అలంకారం కాదు, సంతకం. కాగితం లేబుల్ ఎవరైనా అతికించగలరు. నేతలో పేరు పెట్టాలంటే కార్డులు కొట్టించాలి, మగ్గం ఆపాలి. సంతకానికి మామూలుగా ఎంచుకునేది లావుపాటి, కాస్త వాలిన ఇంగ్లిషు రూపమే. చేతిరాతలా కనబడాలి, ఉతికినా చెరగకూడదు, మూలను దాటి పోకూడదు. ఈ మూడు కోరికలూ కలిపితే మళ్లీ మొదటి బటన్ల దగ్గరికే వస్తాం, ఈసారి సకారణంగా.

ఈ వాడల్లో మగవాళ్లు లూముల దగ్గరుంటే, వేల ఇళ్లలో ఆడవాళ్లు ఒళ్లో చేటలు పెట్టుకుని బీడీలు చుడతారు. ఆ బీడీ కట్టల మీద లేబుల్ చూడండి. 2016 ఏప్రిల్ నుంచి పొగాకు ప్యాకెట్ల ముఖభాగంలో 85 శాతం బొమ్మతో కూడిన ఆరోగ్య హెచ్చరికకే ఇవ్వాలి. మిగిలిన 15 శాతంలో కంపెనీ పేరు, దేవుడి బొమ్మ, నంబరు, అన్నీ. సన్న లావు అక్షరానికి ఇంతకన్నా సహజమైన ఇల్లు ఉండదు. ఆ హెచ్చరిక సరైనదే. చుట్టే చేతుల ఆరోగ్యం గురించి మాత్రం ఆ 85 శాతంలో ఏమీ ఉండదు.

వాలితే ఏమవుతుంది

కంప్యూటర్‌లో ఇటాలిక్ బటన్ చేసేది చాలా మొరటు పని. అక్షరం నిలబడే గీతను కదలనీయకుండా, గీతకు పైనున్న భాగాన్ని కుడికి, కిందనున్న భాగాన్ని ఎడమకు నెడుతుంది. నిజమైన ఇంగ్లిషు ఇటాలిక్‌లో అలా జరగదు. చిన్నబడి ‘ఎ’ ఆకారమే మారిపోతుంది, ‘ఎఫ్’ కిందికి తోక దించుతుంది. అది వేరే రాత, దాన్ని వేరుగా గీశారు.

దేవనాగరి ఈ మొరటుదనాన్ని కొంత తట్టుకుంటుంది. నెట్టినా అడ్డగీత అడ్డంగానే ఉంటుంది, నిలువు కర్రలే వాలతాయి. తెలుగు తట్టుకోదు. పైనున్న గుడి కుడికి జరిగి పక్క అక్షరం తలకట్టును ఢీకొంటుంది. కిందనున్న ఒత్తు ఎడమకు జరిగి ముందు అక్షరం కిందికి పోతుంది. ‘పద్మశాలి’లో మ ఒత్తు ద కిందనుంచి ప వైపు జారడం మొదలుపెడుతుంది. ఒత్తు ఎంత లోతుగా ఉంటే అంత ఎక్కువ జారుడు. తలకట్టు మొదటే వాలి ఉండే గీత, ఇంకా వాలిస్తే పడుకుంటుంది. గుండ్రని ‘ర’ పక్కకు ఒరిగిన కోడిగుడ్డవుతుంది. పెద్దాయన “పడిపోతున్నట్టున్నది” అన్నది కంటితో చూసి చెప్పిన మాట, సిద్ధాంతం అక్కర్లేదు.

తెలుగు అచ్చులో ఇటాలిక్‌కు ఎప్పుడూ సొంత ఇల్లు లేదు. సీసపు అచ్చుల కాలంలో ఒక మాటను నొక్కిచెప్పాలంటే లావు అక్షరం వాడారు, లేదా ఒంటి కొటేషన్లు పెట్టారు. మన కంటికి వాలు అందంగా కనబడేది చేతిరాతలోనే. బాపు రాతను ఇన్ని పెళ్లి కార్డులు, పుస్తకాల అట్టలు అరువు తెచ్చుకున్నాయంటే అందులో ఒత్తులు కూడా చెయ్యి కదిలిన దారినే కదిలాయి కనుక. బటన్‌కు చెయ్యి లేదు. నా మటుకు నేను తెలుగును వాల్చొద్దనే చెబుతాను. బోర్డు మీద, శీర్షికలో, ఎక్కడా.

సన్నబరచడం సంగతి వేరు. అది పద్ధతిగా చేస్తే సాధ్యమే. ముంబైకి చెందిన ఎక్ టైప్ బృందం 2022లో విడుదల చేసిన ‘అనేక్’ కుటుంబంలో తెలుగు, దేవనాగరి, కన్నడ, ఇంగ్లిషు సహా పది లిపులున్నాయి. ఒక్కో లిపినీ బాగా సన్నం నుంచి బాగా వెడల్పు దాకా, పలచన నుంచి లావు దాకా జరుపుకోవచ్చు. సన్నబడినప్పుడు ఒత్తులు ఎటు తగ్గాలో, సున్నాలో ఖాళీ ఎంత మిగలాలో మనిషి కూర్చుని చూసినవి. ఉచితంగా దొరుకుతుంది. వాలు రూపం మాత్రం అందులో లేదు, లేకపోవడమే మంచిదైంది. సోలాపూర్‌లో పక్కపక్కన వచ్చే మూడు లిపులకూ ఒకే ఒళ్లు దొరకడం ఆ ఊరి బోర్డులకు చిన్న సాయం కాదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, సూరన్న, తిమ్మన, ధూర్జటి లాంటి ఉచిత తెలుగు ఫాంట్లూ శీర్షికలకు పనికొస్తాయి. కాకపోతే వాటికి సన్న రూపాలు లేవు, పక్కన పెట్టడానికి జతగా మరాఠీ లేదు.

నాకు తెలిసినంతలో పాదాలున్న, సన్నటి, లావుపాటి తెలుగు ఇంకా ఎవరో గీయాల్సి ఉంది. దానికి గిరాకీ ఎక్కడుందో తెలియాలంటే పెళ్లిళ్ల నెలల్లో ఈ పేటల్లోని ప్రింటింగ్ ప్రెస్సుకు వెళ్లాలి. ఒకే పెళ్లికి రెండు కార్డులు కొట్టించే ఇళ్లున్నాయి: ఊళ్లోవాళ్లకు మరాఠీలో, సిరిసిల్ల, కరీంనగర్ చుట్టాలకు తెలుగులో. వధూవరుల పేర్లకు చోటు ధారాళం. ముహూర్తానికీ ఫర్వాలేదు. కష్టమంతా కింద ‘ఆహ్వానించువారు’ దగ్గర. పెదనాన్నలు, బాబాయిలు, మేనమామలు, వాళ్ల కొడుకులు, అల్లుళ్లు, అందరూ ఉండాలి. అక్షరం సన్నగా ఉందని ఇంతవరకు ఏ బాబాయీ అలగలేదు గానీ, పేరు లేకపోతే మాత్రం పందిట్లోకి రాడు. అందుకే కార్డు కొట్టేవాళ్లు కాగితం రంగు కన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: “మీ నాయిన వాళ్లు ఎంతమంది అన్నదమ్ములు?”